మిండెన్ వెళ్తే పెద్దవాళ్ళని తీసుకెళ్ళండి

(ఒమాహాలో తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక శనివారం సాయంత్రం, ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? పిల్లలు ముందుకి రండమ్మా, కింద కూర్చున్నా పర్వాలేదు. ఈ కబుర్లలో సగం మీకోసమే.

చరిత్ర మీద ఏదైనా మాట్లాడమన్నారు నన్ను. శాతవాహనుల గురించి చెప్పనా, కాకతీయుల గురించి చెప్పనా? అవి మీకు యూట్యూబ్‌లో బోలెడు దొరుకుతాయి. నేను మీ ఇంటికి మూడు గంటల దూరంలో ఉన్న చరిత్ర గురించి మాట్లాడతాను. మన నెబ్రాస్కాలోనే, మిండెన్ అనే ఊరు. ఎంతమంది వెళ్ళారు? చేతులెత్తండి. అంతేనా? సరే, డెన్వర్ వెళ్ళేటప్పుడు ఐ-80 హైవే మీద 'పయనీర్ విలేజ్' అనే బోర్డు ఎంతమంది చూశారు? ఆ, ఇప్పుడు లేచాయి చేతులు. బోర్డు అందరూ చూశారు. కారు మాత్రం ఎవరూ తిప్పలేదు.

279 నంబరు ఎగ్జిట్ దగ్గర దిగి దక్షిణంగా పన్నెండు మైళ్ళు వెళ్ళాలి. అటూ ఇటూ మొక్కజొన్న, సోయా. మూడు వేల జనం ఉన్న ఊరు. మధ్యలో గుమ్మటం ఉన్న కోర్టు భవనం. క్రిస్మస్‌కి ఆ గుమ్మటం నిండా దీపాలు పెడతారు, అవి చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం వస్తారు. అంత చిన్న ఊళ్ళో హెరాల్డ్ వార్ప్ పయనీర్ విలేజ్ అనే మ్యూజియం ఉంది. ఇరవై ఎకరాల స్థలం, ఇరవై ఎనిమిది భవనాలు, యాభై వేలకి పైగా వస్తువులు. యాభై వేలు! ఒక్కో వస్తువు ముందు ఒక్క సెకను నిలబడినా దాదాపు పద్నాలుగు గంటలు పడుతుంది. అందుకే చాలామంది గబగబా నడుచుకుంటూ వెళ్ళిపోయి, పాత కార్లు చూసి, ఫోటో దిగి, బయటికొచ్చి 'బాగానే ఉంది, పాత సామాన్లు' అంటారు.

పాత సామాన్లే. కానీ అవి ఎలా చూడాలో తెలిసినవాళ్ళు పక్కనుంటే ఆ ఇరవై ఎకరాలూ మాట్లాడతాయి. అలా చూడ్డం తెలిసినవాళ్ళు మీ ఇళ్ళలోనే ఉన్నారు. వేసవికి మీ అమ్మానాన్నలు వస్తారు కదా? ఆర్నెల్లు ఉంటారు. మొదటి నెల నయాగరా, న్యూయార్క్. తర్వాత ఏముంది? పొద్దున్న మీరు ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి. వాళ్ళు కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంటారు. వాళ్ళని మిండెన్ తీసుకెళ్ళండి. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

నేను మా అక్కతో వెళ్ళాను. మా అక్క ప్రకాశం జిల్లాలో వ్యవసాయం చేసిన మనిషి. నేను పుస్తకాలు చదివి చరిత్ర చెప్పాను, తను కలుపు తీసి, కుప్ప నూర్చి, గేదెల్ని సాకి సంసారం చేసింది. మ్యూజియంలో నేను బోర్డులు చదువుతున్నాను. అక్క బోర్డుల జోలికి పోలేదు. ఇంగ్లీషు రాదు. నేరుగా వెళ్ళి ఒక నాగలి ముందు నిలబడింది. నిలబడి, నిలబడి, నన్ను పిలిచింది.

"ఇటు రావే. దీనికి రెండు మేళ్ళున్నాయి చూశావా?"

చూశాను. మన నాగలికి ఒకటే మేడి. ఒక చేత్తో మేడి, ఇంకో చేత్తో ముల్లుకర్ర. దీనికి రెండు మేళ్ళు, రెండు చేతులూ పెట్టి అదిమి పట్టుకోవాలి.

"కర్రు చూడు. మనది నేలని చీలుస్తుంది. ఇది చీల్చి, పక్కకి బోర్లా తిరగేస్తుంది. ఈ వంపు అందుకే. ఎంత గట్టి నేలైతే ఇలాంటిది చేయించుకుని ఉంటారు!"

బోర్డు మీద ఏముందో నేను చదివాను, ప్రెయిరీ, అంటే ఇక్కడి గడ్డి మైదానం, ఆ నేలని మొదటిసారి దున్నే నాగలి అని ఉంది. కానీ అసలు సంగతి అక్క చెప్పింది. ఈ నేల మీద వేల ఏళ్ళు గడ్డి పెరిగింది. బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి ఉంది, దాని వేళ్ళు మనిషి ఎత్తుని మించి లోతుకి పోతాయి. ఆ వేళ్ళు ఒకదాన్నొకటి అల్లుకుని నేలంతా చాప నేసినట్టు అయిపోయింది. తూర్పు రాష్ట్రాల నుంచి తెచ్చుకున్న పోత ఇనుము నాగళ్ళకి ఇక్కడి మట్టి అతుక్కుపోయేది. నాలుగడుగులు దున్నడం, ఆగి గీకడం, మళ్ళీ నాలుగడుగులు. 1837లో జాన్ డీర్ నున్నటి ఉక్కు కర్రు పెట్టి నాగలి చేశాడు. మట్టి అతుక్కోకుండా జారిపోయింది. ఆకుపచ్చ ట్రాక్టర్ల మీద ఆ పేరు మీరు రోజూ చూస్తారు. ఆయన ఊళ్ళో కమ్మరి.

గడ్డిమట్టి ఇల్లు

ఆ నాగలి దగ్గర్నుంచి ఇంటి దగ్గరికి రండి. ఆవరణలో ఒక సాడ్ హౌస్ కట్టి పెట్టారు. గడ్డిమట్టి ఇల్లు. పిల్లలూ, మీ మైన్‌క్రాఫ్ట్‌లో మట్టి బ్లాకులు పెట్టి ఇల్లు కడతారు కదా, ఇక్కడ నిజంగా కట్టారు.

చెట్లు లేవు. ఏటి ఒడ్డున తప్ప ఎక్కడా చెట్టు లేదు. దూలానికి కలప లేదు, రాయి లేదు. ఇటుక కాల్చాలంటే కట్టెలు లేవు. మరి ఏముంది? కాళ్ళ కింద వేళ్ళతో అల్లుకుపోయిన నేల ఉంది. నాగలితో అడుగు వెడల్పున పొడుగ్గా కోసేవారు. దాన్ని పారతో మూడడుగుల ముక్కలు చేసేవారు. నాలుగంగుళాల మందం. గడ్డి వైపు కిందకి పెట్టి, వరసలు వరసలుగా, ఒక వరస అతుకు మీద ఇంకో వరస అతుకు రాకుండా పేర్చేవారు. గోడ రెండు మూడడుగుల మందం. పదహారడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడుగు ఉన్న ఒక్క గది కట్టాలంటే దాదాపు అరెకరం నేల పైపొర ఒలిచెయ్యాలి.

అక్క గోడ మీద చెయ్యి పెట్టింది. "లోపల చల్లగా ఉంటుందే," అంది. నిజమే. వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉండేది, నిప్పు అంటుకునేది కాదు. ప్రెయిరీలో కార్చిచ్చు వచ్చినప్పుడు చెక్క ఇళ్ళు బూడిదయ్యేవి, మట్టి ఇళ్ళు నిలబడేవి. కానీ పైకప్పు? అదీ మట్టే. వాన రెండు రోజులు కురిస్తే ఇల్లు మూడు రోజులు కురిసేది. కప్పులోంచి పురుగులు, ఒక్కోసారి పాములు పడేవి. అందుకని కప్పు కింద పలచటి నూలు గుడ్డ కట్టేవారు. వంట చేసే ఆడవాళ్ళు పొయ్యి దగ్గర గొడుగు పట్టుకున్నారని కూడా రాసిపెట్టారు. గోడలకి పాత పేపర్లు అంటించేవారు. మందపాటి గోడ కాబట్టి కిటికీ గట్టు వెడల్పుగా ఉండేది, అక్కడ పూల కుండీ పెట్టుకునేవారు. అంత బురద ఇంట్లో పూల కుండీ! నాకు ఆ కిటికీ గట్టు దగ్గర్నుంచి కదలబుద్ధి కాలేదు.

1886 నుంచి సాలమన్ బుచర్ అనే ఫోటోగ్రాఫర్ కస్టర్ కౌంటీ అంతా బండి మీద తిరిగి ఈ కుటుంబాలకి ఫోటోలు తీశాడు. అవి ఇప్పుడు లింకన్‌లో రాష్ట్ర చరిత్ర సంస్థ దగ్గరున్నాయి, ఆన్‌లైన్‌లో చూడొచ్చు. తప్పకుండా చూడండి. అందరూ ఇంటి బయట నిలబడి ఉంటారు. ఉన్న వస్తువులన్నీ బయట పెట్టేస్తారు, కుట్టుమిషను, గుర్రాలు, పంజరంలో పిట్ట. ఒక ఫోటోలో ఒకావిడ తమ ఆర్గాన్ అనే వాయిద్యాన్ని ఇంట్లోంచి లాగించి ఆరుబయట పెట్టించింది. ఫోటోలో మట్టి ఇల్లు పడకూడదంది. ఊళ్ళో ఉన్న చుట్టాలు చూస్తే ఏమనుకుంటారు? ఆర్గాన్ మాత్రం కనపడాలి. పరాయి దేశంలో కొత్తగా కాపురం పెట్టి ఇంటికి ఫోటో పంపించినవాళ్ళు ఈ గదిలో చాలామందే ఉన్నారు. ఆవిడ మనసు మీకు నేను వివరించి చెప్పక్కర్లేదు.

ఇంక పొయ్యి. కట్టెలు లేవన్నాను కదా, మరి వంట దేనితో? ఇక్కడ ఎవరైనా పిడకలు చేశారా? చెప్పండి, మొహమాటం వద్దు. ఆ, అమ్మమ్మగారు చెయ్యెత్తారు. ముందు అడవిదున్నల పేడ ఎండిపోయి మైదానమంతా పడి ఉండేది. అది ఏరుకొచ్చి కాల్చారు. అడవిదున్నలు ఇక్కడ లేకుండా పోయాక ఆవుల పేడ. ఎండుగడ్డిని తాడులా మెలి తిప్పి కాల్చారు. యూరప్ నుంచి, తూర్పు రాష్ట్రాల నుంచి వచ్చిన ఆడవాళ్ళు మొదట్లో దాన్ని చేత్తో ముట్టుకోలేకపోయేవారు. గుడ్డ చుట్టుకుని పట్టుకునేవారు, తర్వాత్తర్వాత వట్టి చేత్తోనే వేసి, అదే చేత్తో రొట్టె పిసికేవారు.

మొక్కజొన్న ఒలిచే మిషను దగ్గర జరిగింది చెప్పాలి. చేత్తో తిప్పే మిషను అది. పైనుంచి కంకి వేస్తే గింజలు కిందకి, బెండు పక్కకి వస్తాయి. అక్క దాని పళ్ళ చక్రం వైపు వంగి చూస్తోంది. పక్కన ఒక పెద్దావిడ నిలబడింది, అక్కడి రైతు కుటుంబమే. ఆవిడ అక్కని చూసి నవ్వి, చెయ్యి గాల్లో తిప్పి చూపించింది. అక్క కూడా తిప్పి చూపించింది. అప్పుడు అక్క నాతో అంది, "ఒలిచాక బెండ్లు ఏం చేసేవాళ్ళో అడగవే." అడిగాను. పొయ్యిలోకేనట. వాళ్ళమ్మ చలికాలం కోసం షెడ్డు నిండా దాచేదట. అక్కకి తెలుగులో చెప్పాను. "మేమూ అంతే కదా," అంది. ఆ ప్రశ్న నాకు తట్టలేదండీ. ఏ బోర్డు మీదా రాయలేదు. ఇంత పెద్ద మ్యూజియంలో బెండ్లు ఏమయ్యాయి అని అడగాలంటే బెండ్లు పొయ్యిలో పెట్టిన మనిషి కావాలి. అందుకే చెప్తున్నాను, పెద్దవాళ్ళని తీసుకెళ్ళండి.

ఇదంతా పోగుచేసిన ఆయన

హెరాల్డ్ వార్ప్ ఎవరు? 1903లో మిండెన్ దగ్గర అలాంటి గడ్డిమట్టి ఇంట్లోనే పుట్టాడు. నార్వే నుంచి వచ్చిన కుటుంబం. పన్నెండుమంది పిల్లల్లో ఆఖరివాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు, కొన్నేళ్ళకి తల్లి కూడా పోయింది. కోళ్ళు పెంచుతూ ఒకటి గమనించాడు. చలికాలంలో గూట్లో ఉన్న కోళ్ళకి ఎండ సరిగ్గా తగలదు. గాజు కిటికీ పెట్టినా వెలుతురు వస్తుంది గానీ, ఎండలో మేలు చేసే అతినీలలోహిత కిరణాలని గాజు ఆపేస్తుంది. ఆ కిరణాలు లోపలికి వచ్చేట్టు కిటికీలకి వాడే షీటు తయారుచేశాడు. 1924లో ఫ్లెక్స్-ఓ-గ్లాస్ అని పేరు పెట్టి షికాగో వెళ్ళి వ్యాపారం మొదలుపెట్టాడు. ప్లాస్టిక్‌లో బాగా సంపాదించాడు.

తర్వాత తను చదువుకున్న ఒంటి గది బడి అమ్మకానికి వచ్చిందని తెలిసింది. కొన్నాడు. అక్కడితో ఆగలేదు. చర్చి కొన్నాడు, రైల్వే డిపో కొన్నాడు, నాగళ్ళు, కార్లు, దీపాలు, కుట్టుమిషన్లు, 1953లో మ్యూజియం తెరిచాడు. 1994లో చనిపోయేదాకా చేరుస్తూనే ఉన్నాడు. ప్లాస్టిక్ అమ్మిన డబ్బుతో చెక్కనీ ఇనుమునీ కాపాడాడు. ఆయన చేసిన ఇంకో మంచి పని, ప్రతి రకం వస్తువునీ కాలక్రమంలో పెట్టించాడు. మొదటి దీపం నుంచి ఆఖరి దీపం దాకా ఒకే వరస. నడుస్తుంటే ఏది దేన్ని వెనక్కి నెట్టిందో కనపడుతుంది. చరిత్ర చెప్పుకుని బతికినదాన్ని, ఈ పద్ధతి విలువ నాకు తెలుసు.

ఆ వరసల్లో మీరు తప్పకుండా ఆగాల్సిన చోటు వంటగదులు. 1830ల నాటిది మొదలుకొని తరానికో వంటగది పక్కపక్కన అమర్చారు. మగవాళ్ళు కార్ల షెడ్డుకి పరిగెత్తకండి, ముందు ఇక్కడ నిలబడండి. మొదటి వంటగదిలో నీళ్ళెక్కడివి? బయట బావి నుంచి మోసుకొచ్చినవి. సబ్బు ఎక్కడిది? కొవ్వులో బూడిద నీళ్ళు కలిపి కాచింది. ఇస్త్రీ పెట్టె గట్టి ఇనుప ముద్ద. పొయ్యి మీద రెండు పెట్టి, ఒకటి చల్లారేలోపు ఇంకోటి తీసుకుని వాడాలి. ఎండాకాలంలో కూడా పొయ్యి మండాల్సిందే. తర్వాతి గదిలో చేతి పంపు లోపలికి వచ్చింది. ఆ తర్వాత కిరసనాయిలు పొయ్యి. అలా నడుస్తూ నడుస్తూ ఒక గదిలో గోడకి స్విచ్చి కనపడుతుంది.

ఆ స్విచ్చి వెనక ఎంత కథ ఉందో తెలుసా? 1935లో అమెరికాలో పదింట ఒక్క రైతు ఇంటికే కరెంటు ఉంది. పట్నాల్లో రేడియోలు మోగుతున్నాయి, పల్లెల్లో లాంతర్లే. ప్రైవేటు కంపెనీలు పొలాల్లోకి తీగలు లాగితే గిట్టుబాటు కాదన్నాయి. 1936లో గ్రామీణ విద్యుదీకరణ చట్టం వచ్చింది. దానికోసం పోరాడినవాళ్ళలో ముందున్న సెనేటర్ జార్జ్ నారిస్ మన నెబ్రాస్కా మనిషే. ఇవాళ కూడా దేశంలో కరెంటు సంస్థలన్నీ ప్రజలవే అయిన రాష్ట్రం ఇదొక్కటే. మీ ఇంటికి నెలనెలా వచ్చే బిల్లు అలాంటి సంస్థ నుంచే వస్తుంది. అక్క ఆ స్విచ్చి చూసి, "మన ఊరికి కరెంటు వచ్చేటప్పటికి నాకు పెళ్ళయిపోయింది," అంది. కిరసనాయిలు దీపం బుడ్డి తుడవడం దగ్గర్నుంచి చేతిలో సెల్‌ఫోన్ దాకా, ఆ వంటగదులన్నీ తన ఒక్క జీవితంలో దాటొచ్చిన మనిషి నా పక్కన నిలబడి ఉంది. అమెరికాలో దానికి మూడు నాలుగు తరాలు పట్టింది.

ఇంక బడి. పిల్లలూ, ఇది వినండి. అయిదేళ్ళవాళ్ళు, పదిహేనేళ్ళవాళ్ళు ఒకే గదిలో. ఒకే టీచరు. ఆ టీచరుకి ఒక్కోసారి పద్దెనిమిదేళ్ళు కూడా ఉండవు. 1888 జనవరి 12. పొద్దున్న చలి తగ్గి హాయిగా ఉంది. చాలామంది పిల్లలు మందపాటి కోట్లు లేకుండానే బడికి వెళ్ళారు. మధ్యాహ్నం వాయవ్యం నుంచి తుఫాను విరుచుకుపడింది. పొడి మంచు, పిండిలాంటి మంచు, చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. బడి నుంచి ఇంటికి బయల్దేరిన పిల్లలు దారి తప్పారు. ఈ మైదానాల్లో మొత్తం 235 మంది దాకా చనిపోయారని అంచనా. ఆర్డ్ అనే ఊరి దగ్గర బడి పైకప్పు ఎగిరిపోతే మిన్నీ ఫ్రీమన్ అనే చిన్న వయసు టీచరమ్మ పిల్లలందర్నీ ఒక్కరూ పోకుండా దగ్గర్లోని ఇంటికి చేర్చింది. మీకు మంచు పడుతుందంటే ముందు రోజే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, స్కూలు సెలవు అని. ఆ బల్లల మీద కూర్చున్న పిల్లలకి ఆకాశం తప్ప వేరే ఏ కబురూ లేదు.

మిడతల సంగతి కూడా చెప్పి ముందుకెళ్తాను. 1874 వేసవి. మేఘం వచ్చినట్టు మిడతలు దిగాయి. పంట తిన్నాయి, అయిపోయాక గుర్రపు జీను తోలు తిన్నాయి, చెమట ఉప్పు పట్టిన పనిముట్ల పిడులు కొరికాయి. కూరగాయల మొక్కల మీద ఆడవాళ్ళు దుప్పట్లు కప్పితే ముందు దుప్పట్లు తిని తర్వాత మొక్కలు తిన్నాయి. ఇంకో ముప్ఫై ఏళ్ళు తిరక్కుండానే ఆ జాతి మిడతే లేకుండా పోయింది. ప్రాణంతో ఆఖరిసారి చూసింది 1902లో. కొండల్లో ఏటి ఒడ్డున అది గుడ్లు పెట్టే నేలని వీళ్ళు దున్నేశారు, పశువులతో తొక్కించారు, దాంతో అంతరించిందని శాస్త్రవేత్తలు చెప్తారు. రైతుకి తెలియకుండానే రైతు నాగలి దాన్ని తుడిచేసింది.

ఈ నేల ఎవరిది?

ఇప్పుడు చరిత్ర టీచరుగా ఒక మాట అడుగుతాను. ఈ నేల వీళ్ళకి ఎలా వచ్చింది?

మ్యూజియంలో ల్యాండ్ ఆఫీసు ఉంది. చెక్క గది, అంతే. 1862లో అధ్యక్షుడు లింకన్ సంతకం పెట్టిన హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఇరవై ఒక్కేళ్ళు నిండినవాళ్ళు గానీ, ఇంటి పెద్ద గానీ అక్కడికి వెళ్ళి కొద్ది డాలర్ల ఫీజు కట్టి 160 ఎకరాలకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెళ్ళికాని ఆడవాళ్ళు పెట్టుకోవచ్చు, విధవరాళ్ళు పెట్టుకోవచ్చు, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళు పెట్టుకోవచ్చు, పౌరసత్వం తీసుకుంటానని రాసిచ్చిన వలసదారులు పెట్టుకోవచ్చు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మాట, దాన్ని తక్కువ చెయ్యకూడదు. అయిదేళ్ళు అక్కడే ఉండాలి, ఇల్లు కట్టాలి, సాగు చెయ్యాలి. తర్వాత ఇద్దరు సాక్షుల్ని తెచ్చి, నిజంగానే ఉన్నాను, నిజంగానే దున్నాను అని నిరూపించుకోవాలి. అప్పుడు పట్టా. మొదటి దరఖాస్తుల్లో ఒకటి ఈ రాష్ట్రంలోనే, బీట్రిస్ దగ్గరి నేలకి, 1863 జనవరి 1న డేనియల్ ఫ్రీమన్ పెట్టాడు. నెబ్రాస్కా నేలలో దాదాపు 45 శాతం ఇలా పంచిపెట్టిందే. గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి కాగితాలు పోగేస్తున్నవాళ్ళు ఇక్కడున్నారు. ఆ సాక్షుల కాగితాలు, ఆ ఎదురుచూపులు మీకు అర్థమవుతాయి.

కానీ పంచిపెట్టడానికి ప్రభుత్వం దగ్గరికి ఆ నేల ఎక్కడ్నుంచి వచ్చింది? ఎవరో ఒకరి దగ్గర్నుంచి వచ్చి ఉండాలి కదా?

ఇది పానీ అనే మూలవాసీ జాతివాళ్ళ నేల. వాళ్ళు ఊరికే గుర్రాల మీద తిరిగినవాళ్ళు కాదు, రైతులు. ఏటి ఒడ్డున ఊళ్ళు కట్టుకున్నారు. గుండ్రంగా, లోపల కలప స్తంభాలు నిలబెట్టి, పైన గడ్డి పరిచి మట్టి కప్పిన ఇళ్ళు. ఒక్కో ఇంట్లో చాలా కుటుంబాలు ఉండేవి. ఆడవాళ్ళు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించేవారు. ఏడాదికి రెండుసార్లు ఊరంతా అడవిదున్నల వేటకి కదిలేది. వార్ప్ కుటుంబం మట్టి ఇంట్లో ఉండడానికి ఎన్నో తరాల ముందే ఈ నేల మీద మట్టి ఇళ్ళున్నాయి.

1833 ఒప్పందంలో ప్లాట్ నదికి దక్షిణాన ఉన్న నేల వదులుకున్నారు. మిండెన్ ఉన్నది నదికి దక్షిణానే. 1848లో కార్నీ కోట కోసం నది పక్క నేలని రెండు వేల డాలర్ల సరుకులకి ఇచ్చేశారు. 1857లో మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం పోయింది, లూప్ నది దగ్గర చిన్న రిజర్వేషన్, అంటే వాళ్ళకని కేటాయించిన నేల, మిగిలింది. వాళ్ళ యువకులు అమెరికా సైన్యంలో స్కౌట్లుగా, అంటే దారి చూసే వేగులుగా, చేరి రైలు పట్టాలు వేసేవాళ్ళకి కాపలా కూడా కాశారు. అయినా ఆ చిన్న రిజర్వేషనూ నిలవలేదు. 1870ల మధ్యలో అందర్నీ దక్షిణానికి, ఇప్పటి ఓక్లహోమాకి తరలించారు. 1800ల మొదట్లో పదివేల దాకా ఉన్నారని అంచనా. 1900 వచ్చేసరికి ఏడు వందల లోపు మిగిలారు. రోగాలు, యుద్ధాలు, ఆకలి.

మిండెన్‌లో 1869 నాటి ఎల్మ్ క్రీక్ కోట ఉంది. దుంగలతో కట్టిన ఇల్లు, ఇండియన్లు, అంటే ఇక్కడి మూలవాసులు, వస్తారన్న భయంతో ఊరంతా తలదాచుకోవడానికి కూడా వాడారు. ఆ భయం నిజమైన భయమే, నేను కాదనను. పసిపిల్లల్ని పెట్టుకుని ఆ దుంగల వెనక కూర్చున్న తల్లి ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టలేదు. కానీ మీ పిల్లలు ఆ కోటలో నిలబడ్డప్పుడు అవతల ఉన్నవాళ్ళ గురించి కూడా చెప్పండి. కోట బయట ఉన్నవాళ్ళకి కూడా పిల్లలున్నారు. బానిసత్వం నుంచి బయటపడ్డ కుటుంబాలు కూడా ఈ రాష్ట్రంలో మట్టి ఇళ్ళు కట్టాయి. 1907 నుంచి చెర్రీ కౌంటీ ఇసుక దిబ్బల్లో డెవిటీ అనే ఊరే కట్టుకున్నారు. ఆ సంగతీ చెప్పండి. ఒక మనిషి తన డబ్బుతో, తన జ్ఞాపకంతో పోగుచేసిన మ్యూజియం అది. ఆయనకి తెలిసినవాళ్ళ పనిముట్లు అందులో ఎక్కువ ఉంటాయి. మిగతావి మనం వెతుక్కోవాలి, వెతికితే దొరుకుతాయి కూడా.

ఎక్కడ దొరుకుతాయంటారా? విత్తనాల్లో. పానీ ఆడవాళ్ళు ఓక్లహోమా వెళ్ళేటప్పుడు తమ మొక్కజొన్న గింజలు మూట కట్టుకుని తీసుకెళ్ళారు. అక్కడి నేల, అక్కడి ఎండ వాటికి పడలేదు. తరాలు గడిచేకొద్దీ చాలా రకాలు పోయాయి, మిగిలినవి కొద్దిమంది ఇళ్ళలో డబ్బాల్లో మిగిలాయి. తర్వాత ఆ జాతి విత్తన సంరక్షకురాలు డెబ్ ఎకో-హాక్ ఆ గింజలు పోగుచేయడం మొదలుపెట్టారు. కార్నీ అనే ఊళ్ళో ఐ-80కి అడ్డంగా వంతెనలా కట్టిన మ్యూజియం ఉంది కదా, కారు దాని కిందనుంచే వెళ్తుంది. అప్పట్లో అక్కడ పనిచేసిన రోనీ ఓబ్రయన్ అనే ఆవిడ ఆ గింజలు ఇక్కడ నాటుతామని అడిగారు. కొన్ని రకాలవి చేతిలో ఉన్నది గుప్పెడు కూడా లేవు. అవి ఎండిపోతే ఆ రకమే ప్రపంచంలో ఉండదు. అయినా పంపారు. వాళ్ళ తాతల నేలని తీసుకున్నవాళ్ళ మనవలకి పంపారండీ! నెబ్రాస్కా నేలలో పెడితే అవి మొలిచాయి, కంకులు వేశాయి. తర్వాత మరికొంతమంది రైతులూ, తోటలు పెంచేవాళ్ళూ చేతులు కలిపారు. పంట వచ్చాక గింజలు తిరిగి పానీ జాతికి పంపుతున్నారు.

ఇది అక్కకి కారులో చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఉన్న నాలుగు గింజలూ ఇచ్చేసిందంటే ఆవిడకి ఎంత గుండె ధైర్యం," అంది. ఒక చారెడు విత్తనం నమ్మి ఇవ్వడమంటే ఏమిటో తనకి తెలుసు. విత్తనాలకి బూడిద కలిపి, ఉట్టి మీద దాచిన మనిషి.

సరే, సమయం అయిపోతోంది, వంట వాసన కూడా వస్తోంది. వెళ్ళేవాళ్ళకి కొన్ని సంగతులు. ఒక్క పూటలో అయిపోదు. మొదటి పూట వంటగదులు, బడి, మట్టి ఇల్లు, వ్యవసాయ పనిముట్లు చూడండి. ఇవి చాలు. కార్లు రెండో పూట పెట్టుకోండి. భవనాలు విడివిడిగా ఉంటాయి, చాలా నడక ఉంటుంది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి చక్రాల కుర్చీ దొరుకుతుందేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. చలికాలం వేళలు మారుతుంటాయి, అది కూడా అడగండి. నీళ్ళు, పులిహోర వెంట తీసుకెళ్ళండి, ఊళ్ళో మన తిండి దొరకదు.

పిల్లల చేతికి ఫోన్ ఇస్తే ఒక పని చెప్పి ఇవ్వండి. తాతయ్యా, ఇది మీ ఊళ్ళో ఉండేదా, దీన్ని ఏమనేవారు, ఎవరు చేసిచ్చేవారు అని అడిగి ఆయన చెప్పింది రికార్డు చెయ్యమనండి. కవ్వం ముందు అమ్మమ్మ ఎలాగూ ఆగుతుంది. ఆగినప్పుడు తొందరపెట్టకండి. ఆవిడ చెప్పేది మళ్ళీ ఎక్కడా దొరకదు.

మార్చిలో వెళ్తే ఇంకా మంచిది. ప్లాట్ నది దగ్గర లక్షల కొద్దీ కొంగలు దిగుతాయి, శాండ్‌హిల్ క్రేన్లు. తెల్లవారుజామున నది దగ్గర, పగలు మిండెన్‌లో. రెండిటికీ మధ్య దూరం కొద్ది మైళ్ళే. వేసవిలో వెళ్ళేవాళ్ళు మాత్రం కార్నీలో ఆగి ఆ మ్యూజియంలో పానీ మొక్కజొన్న ఈ ఏడాది ఎక్కడ వేశారో అడగండి. చెప్పడానికి వాళ్ళకి చాలా ఇష్టం. ఇప్పుడు మీ ప్రశ్నలు. ఇందాక చెయ్యెత్తిన అమ్మమ్మగారూ, ముందు మీరు చెప్పండి, మీ ఊళ్ళో పిడకలు గోడకి కొట్టేవారా, నేల మీదా?